కొత్త చోదకుడు

శ్రీనగరం నుండి కన్యాకుమారి వరకు దేశాన్ని ఉత్తర దక్షిణాలుగా కలుపుతూ సాగే 44వ నంబరు జాతీయ రహదారి నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు పక్కనుండి పోతుంది. ఊళ్ళోని పెద్దవారు నేటికీ దానిని ‘ఏడో నంబరు రోడ్డు’ అనే అంటారు. 2010లో జాతీయ రహదారుల సంఖ్యలు మార్చేంతవరకు, వారణాసి నుండి కన్యాకుమారికి పోయే దారిగా దానికి ఉన్న సంఖ్య ఏడు. నిజామాబాదు నుండి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా తూర్పుకు పోయే 63వ నంబరు రహదారి దీనిని ఈ ప్రాంతంలోనే దాటుతుంది. నవనాథ సిద్ధులగుట్ట ఎక్కి చూసినవారికి రాతిగుండ్లకు అవతల పట్టణం, పట్టణానికి అవతల పచ్చని చేలు, వాటి నడుమ నల్లని దారులు ఒక్క చూపులో కనబడతాయి.

ఈ ప్రాంతానికి పసుపు ప్రాణం వంటిది. 2025 జనవరిలో ప్రారంభమైన జాతీయ పసుపు బోర్డుకు నిజామాబాదు కేంద్రస్థానమైందంటే అందుకు కారణం ఇక్కడి నేల, ఇక్కడి రైతు. జూన్ నెలలో నాటిన పంట ఇంచుమించు తొమ్మిది నెలలు చేనిలోనే ఉంటుంది. తవ్విన కొమ్ములను ఉడకబెట్టి, పదిహేను రోజుల వరకు ఎండబోసి, డ్రమ్ములలో తిప్పి మెరుగుపెట్టి, బస్తాలకెత్తుతారు. ఫిబ్రవరి వచ్చేసరికి బస్తాలు నిండిన ట్రాక్టర్లు తెల్లవారకముందే నిజామాబాదు మార్కెట్ యార్డు దారి పడతాయి. ఆ దారిలోనే ఆర్టీసీ బస్సులు, సరుకు లారీలు, కళాశాల విద్యార్థుల మోటారు సైకిళ్ళు, పాల క్యానులు కట్టిన సైకిళ్ళు, మేకల మందలు నడుస్తాయి. వాహనాల వెనుక పలకలను చదువుకొంటూ పోతే చాలు, జిల్లా చరిత్ర కొంత తెలుస్తుంది: పాతవాటి మీద ఏపీ 25, రాష్ట్రం ఏర్పడిన తరువాతివాటి మీద టీఎస్ 16, 2024 మార్చి నుండి టీజీ 16. పలకే లేని ట్రాలీలు కూడ తక్కువేమీ కావు. వాటి చరిత్ర వాటి యజమానులకే తెలియాలి.

ఆర్మూరుకు కొద్ది దూరంలోని ఒక పల్లెలో పసుపు పండించే రైతు ఇంట్లో పుట్టిన యువకుడొకడు ఇంటర్మీడియట్ పరీక్షలు రాసిన వేసవిలో పద్దెనిమిదేళ్ళు నిండినవాడై, డ్రైవింగ్ లైసెన్సు కోసం బయలుదేరాడు. అతనికి వాహనం కొత్త కాదు. పద్నాలుగో ఏటనే తండ్రి పక్కన కూర్చుని ట్రాక్టరు స్టీరింగు పట్టినవాడు. దుక్కి దున్నినవాడు, ఇరుకు గట్ల మధ్య ట్రాలీని వెనుకకు నడిపినవాడు. తండ్రి మోటారు సైకిలును ఊళ్ళో తిప్పని వీధి లేదు. వయసు నిండకుండా అతను ఒకటి రెండుసార్లు రహదారి మీదికి కూడ వెళ్ళాడు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అటువంటి తప్పుకు తండ్రికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చునని, ఆ పిల్లవాడికి ఇరవై ఐదేళ్ళు నిండేదాకా లైసెన్సు ఇవ్వరని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియకపోవడం వారి అదృష్టమో, ఏమీ జరగకపోవడం అదృష్టమో చెప్పడం కష్టం.

లైసెన్సుకు ముందు ఎల్.ఎల్.ఆర్. అనే అభ్యాసకుల అనుమతి పత్రం పొందాలి. దానికి కంప్యూటరు ముందు కూర్చుని ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. నూటికి అరవై వంతులు సరైనవి కావాలి. యువకుడు ధీమాగా కూర్చున్నాడు. తెర మీద ఎర్రని అంచుతో తలకిందులైన త్రిభుజం కనబడింది. ముందు వాలు ఉందని గుర్తుపెట్టాడు. దీపాలు లేని కూడలిలో కుడివైపు నుండి వాహనం వస్తూ ఉంటే ఏమి చేయాలని మరొక ప్రశ్న. హారన్ మోగించి ముందుగా దాటిపోవాలన్నాడు. రోడ్డు మధ్య తెగకుండా సాగే తెల్లని గీతకు అర్థమేమిటని అడిగితే, రోడ్డు కొత్తగా వేశారన్న అర్థం వచ్చే జవాబు అక్కడ లేనందున ఏదో ఒకటి నొక్కాడు. కొద్ది నిమిషాలలో ఫలితం వచ్చింది. తప్పాడు.

ఇంటర్మీడియట్ తప్పితే ఊళ్ళో ఓదార్చేవారుంటారు. బండి పరీక్ష తప్పితే నవ్వేవారే గాని ఓదార్చేవారుండరు. వాడకట్టులో ఒక్కరు మాత్రం నవ్వలేదు. ఆయన ఆర్టీసీలో ముప్ఫై ఏళ్ళకు పైగా బస్సు నడిపి విశ్రాంతి తీసుకొంటున్న పెద్దమనిషి. యువకుడు ఆయనను కాకా అని పిలుస్తాడు.

“ట్రాక్టరు నడుపుడు నాకు రాదా కాకా? గీ బొమ్మలే నన్ను ముంచినయ్” అన్నాడు యువకుడు.

“చేన్ల నీకు ఎదురొచ్చేది ఏంది బిడ్డా? గట్టు వస్తది, చెట్టు వస్తది. అవి ఉన్నకాడనే ఉంటయి. రోడ్డు మీద అందరూ కదిలెటోళ్ళే. వాళ్ళేం జేస్తరో నీకు తెల్వదు, నువ్వేం జేస్తవో వాళ్ళకు తెల్వదు. గది తెలిపేతందుకే ఆ బొమ్మలు” అన్నాడాయన.

ఆ మరునాటి నుండి సాయంకాలాలు పాఠం మొదలయింది. వలయంలో ఉన్న గుర్తు ఆజ్ఞ, పాటించి తీరాలి. త్రిభుజంలో ఉన్నది హెచ్చరిక. ముందు మలుపు ఉందనో, బడి ఉందనో, గేటు లేని రైలుదారి ఉందనో చెబుతుంది. దీర్ఘచతురస్రం సమాచారమిస్తుంది. ఇంతవరకు యువకుడు త్వరగానే గ్రహించాడు. కాని ‘ఆగుము’ అనే గుర్తుకు ఎనిమిది మూలలు ఎందుకు, ‘దారి ఇమ్ము’ అనే గుర్తు త్రిభుజం తలకిందులుగా ఎందుకు ఉండాలి? ఈ రెండు ఆకారాలు మరే గుర్తుకూ లేవు. బురద చిమ్మి అక్షరాలు కనబడకపోయినా, రాత్రివేళ రంగు తెలియకపోయినా, ఎదురుగా వచ్చేవాడు వెనుక వైపు నుండి చూసినా ఆకారాన్ని బట్టి పోల్చుకోవచ్చు. తాను వాలు అనుకొన్న బొమ్మ మరొకరికి దారి ఇవ్వమని చెబుతున్నదని తెలిసినప్పుడు యువకుడికి సిగ్గువేసింది. కుడివైపు నుండి వచ్చే వాహనానికి ముందుగా దారి ఇవ్వాలనే నియమం కూడ అటువంటిదే. ఎడమవైపు నడిచే మన దేశంలో ఇద్దరు ఒకేసారి కూడలి చేరితే ఎవరు ముందు అనే తగవు రాకుండా చేసుకొన్న ఒప్పందమది. తెగిన గీతను, ఎదుట ఖాళీగా ఉన్నప్పుడు దాటవచ్చు; తెగని గీతను దాటరాదు. మలుపుల దగ్గర, వంతెనల దగ్గర గీత తెగకుండా ఉండడానికి కారణం, అవతలి నుండి వచ్చేది అక్కడ కంటికి ఆనదు.

ఈ నియమాలేవీ ఒక్కరోజున పుట్టినవి కావు. 1869 ఆగస్టులో ఐర్లండులో మేరీ వార్డ్ అనే శాస్త్రజ్ఞురాలు ఆవిరి బండి మీదనుండి జారి దాని చక్రం కింద పడి మరణించింది. యంత్రవాహనం వలన కలిగిన తొలి మరణాలలో దానిని లెక్కిస్తారు. 1896లో లండనులో బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే పాదచారిణి మోటారు కారు తగిలి ప్రాణం విడిచింది. ఆ దేశంలోనే 1903లో వచ్చిన చట్టం అయిదు షిల్లింగులు చెల్లించినవాడికి, నడపడం వచ్చునా రాదా అని అడగకుండా, లైసెన్సు ఇచ్చింది. పరీక్ష తప్పనిసరి కావడానికి 1935 వరకు ఆగవలసి వచ్చింది. మన దేశంలో 1914లో తొలి మోటారు వాహనాల చట్టం, 1939లో రెండవది వచ్చాయి. నేడు అమలులో ఉన్నది 1988 నాటి చట్టం, 1989 జూలై 1 నుండి వర్తిస్తున్నది. ఇన్ని చట్టాల తరువాత కూడ, కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022 ఒక్క సంవత్సరంలో దేశంలోని రోడ్లపై 1,68,491 మంది మరణించారు. రోజుకు నాలుగు వందల అరవై మందికి పైగా. వారిలో ఇంచుమించు నూటికి నలభై నాలుగు మంది ద్విచక్ర వాహనాల మీద పోయేవారు. అతివేగమే ఎక్కువ మరణాలకు కారణమని ఆ నివేదిక చెబుతుంది.

రెండవసారి యువకుడు పరీక్ష గట్టెక్కాడు. ఆరు నెలలు చెల్లే ఎల్.ఎల్.ఆర్. చేతికి వచ్చింది, ముప్ఫై రోజులు గడిచిన తరువాతనే అసలు లైసెన్సుకు పరీక్ష. ఆ నెలరోజులు మోటారు సైకిలుకు ముందు, వెనుక తెల్లని పలక మీద ఎర్రని ‘ఎల్’ అక్షరం ఉండాలి. నేర్పేవారు తప్ప మరెవరూ వెనుక కూర్చోరాదు. స్నేహితుడొకడు అంగడి దాకా ఎక్కించుకొమ్మని అడిగితే కుదరదన్నాడు. “కలెక్టరు సాబ్ అయినవారా?” అని వాడు నాలుగు రోజులు మాట్లాడలేదు. హెల్మెట్ సంగతి వేరే చెప్పాలి. ఈ దారులలో హెల్మెట్లు తలల మీద కంటె అద్దాలకు, పెట్రోలు ట్యాంకులకు ఎక్కువగా రక్షణ కల్పిస్తూ ఉంటాయి. పోలీసులు నిలబడిన కూడలికి వంద గజాల ముందు మాత్రం తలకెక్కుతాయి. చట్టం హెల్మెట్ పెట్టుకొమ్మని మాత్రమే అనదు, గడ్డం కింద పట్టీ బిగించాలని కూడ అంటుంది. పట్టీ బిగించని హెల్మెట్ మనిషి కంటె ముందు నేలకు చేరుతుంది.

కాకా చెప్పిన పాఠాలలో యువకుడికి ముందుగా వెగటనిపించినది, తరువాత పనికివచ్చినది ఒకటుంది. ఒక ఆదివారం ఉదయం ఆయన జనసంచారం లేని చేల దారికి అతనిని తీసుకువెళ్ళి, నేల మీద సున్నంతో ఒక అడ్డగీత గీశాడు. గంటకు ముప్ఫై కిలోమీటర్ల వేగంతో వచ్చి, తాను చేయి ఊపగానే ఆపమన్నాడు. బండి ఆగిన చోట రాయి పెట్టి అడుగులు కొలిపించాడు. పన్నెండు పదమూడు మీటర్లు వచ్చింది. తరువాత అరవై వేగంతో రమ్మన్నాడు. అతను శక్తికొద్దీ రెండు బ్రేకులూ పట్టినా బండి ఇంచుమించు నలభై మీటర్లు పోయి గాని నిలువలేదు.

ఇందులో వింత లేదు, లెక్కే ఉంది. అరవై వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు పదిహేడు మీటర్లు పోతుంది. కన్ను చూసి, మనసు గ్రహించి, చేయి బ్రేకును తాకడానికి సుమారు ఒక సెకను పడుతుంది. అంటే బ్రేకు పడకముందే పదిహేడు మీటర్లు గడిచిపోతాయి. ఆ తరువాత, వేగం రెట్టింపయితే ఆగడానికి పట్టే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. రోడ్డు తడిసినా, ఇసుక పరచుకొన్నా, గింజలు చల్లి ఉన్నా ఇంకా పెరుగుతుంది.

“రాత్రిపూట ఎదురుబండి లైటు కండ్లల్ల పడ్తే ఏం జేస్తవ్?” అని అడిగాడు కాకా.

“నేను గూడ ఫుల్ లైటు గొడ్త.”

“ఇద్దరు గుడ్డోళ్ళయితరు. లైటు దిక్కు చూడకు. ఎడమ అంచు చూడు, ఆక్సిలేటరు ఇడువు. నీకు కనవడేటంత దూరంల ఆపరాకుంటే, నువ్వు జోరు మీద ఉన్నట్టే లెక్క.”

ఎనిమిది అంకె ఆకారంలో గీసిన బాటలో కాలు నేల తాకకుండా బండి తిప్పి, ఆగస్టులో యువకుడు లైసెన్సు సంపాదించాడు.

నిజామాబాదు ప్రాంతంలో పసుపు చేలలో మక్కజొన్న అంతరపంటగా వేయడం పాత అలవాటు. నేల కింద పసుపు ఊరుతూ ఉండగానే సెప్టెంబరు, అక్టోబరు నెలలలో కంకులు చేతికి వస్తాయి. పెట్టుబడికి అక్కరకు వచ్చే మొదటి డబ్బు అదే. కాని గింజలలో తేమ నూటికి పద్నాలుగు వంతులు మించితే మద్దతు ధరకు కొనరు. ఎండబోయడానికి చాలామందికి చాలినంత కల్లం లేదు. ఉన్న కల్లం మట్టిది, వాన పడితే బురద. చేతికందే దూరంలో నల్లగా, నున్నగా, ఎండకు కాగి ఉండే నేల ఒక్క తారురోడ్డే. అందుచేత ఆ రోజులలో పల్లెల దారులు సగం వెడల్పున పసుపుపచ్చగా మారిపోతాయి. వాహనాలు గింజల మీదికి రాకుండా అంచున రాళ్ళ వరుస పేరుస్తారు. రాత్రికి కుప్పచేసి నల్లని టార్పాలిన్ కప్పి, గాలికి లేవకుండా చుట్టూ బండరాళ్ళు పెడతారు. ప్రజలు నడిచే దారికి అడ్డంకి కల్పించడం నేరమని చట్టం చెబుతుంది. పోలీసులు ఏటేటా హెచ్చరిస్తారు. రైతుకు తెలియక కాదు. వాన మబ్బు చూసినప్పుడు అతనికి చట్టం కంటె గింజ మొలకెత్తుతుందన్న భయం దగ్గరగా కనబడుతుంది. ఈ రెండు భయాలలో ఏది న్యాయమైనదని అడిగితే రెండూ న్యాయమైనవే. చీకట్లో ఆ దారిన వచ్చేవాడు మాత్రం రెండింటిలో దేనికీ బాధ్యుడు కాడు.

అక్టోబరులో ఒక సాయంత్రం పంపు మోటారు స్టార్టరు కాలిపోగా, దానిని బాగుచేయించడానికి యువకుడు ఆర్మూరు వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు తమ మక్కలు ఊరి మలుపు దగ్గర రోడ్డు మీద పలుచగా పరచి ఉన్నాయి. పని ముగిసేసరికి రాత్రి ఎనిమిది దాటింది. ఆకాశం మబ్బుపట్టి, చుక్క లేదు. పల్లె దారిలోకి తిరిగిన కొంతసేపటికి ఎదురుగా ఒక లారీ పూర్తి దీపాలతో వచ్చింది. కళ్ళముందు తెలుపు తప్ప మరేమీ లేదు. యువకుడి చేయి అలవాటు కొద్దీ దీపం మీట మీదికి పోయి, ఆగింది. చూపు ఎడమ అంచుకు తిప్పి, వేగం తగ్గించాడు. యాభై మీద ఉన్న ముల్లు ముప్ఫైకి దిగింది. లారీ దాటిపోయింది. వెలుగు పోయిన చోట చీకటి మరింత చిక్కగా ఉంది. ఆ చీకటిలో, తన దీపపు వెలుగు చివర, రోడ్డు కంటె నల్లగా ఏదో లేచి నిలబడి ఉంది.

రెండు బ్రేకులూ పట్టాడు. వెనుక చక్రం కింద గింజలు జారాయి. బండి ఒక పక్కకు ఊగి, నిలిచింది.

ముందు చక్రానికి మూరెడు దూరంలో ఒక రాయి ఉంది. విరిగిన విసుర్రాయి సగం. దాని నడుమ గుంత, అంచున గంట్లు దీపపు వెలుగులో స్పష్టంగా కనబడ్డాయి. ఆ ఉదయం పెరటిలో నుండి దానిని ఎత్తుకువచ్చి అక్కడ పెట్టింది తానే.

కుప్ప అవతల మంచం కిర్రుమంది. “ఎవలు?” అన్నది తండ్రి గొంతు.

“నేనే బాపు.”

మబ్బు పట్టగానే ఆయన ఒక్కడే గింజలన్నీ పోగుచేసి కప్పాడు. కొడుకు మాట్లాడకపోవడం చూసి దగ్గరకు వచ్చాడు. “పడ్డవా?” అన్నాడు. పడలేదన్నాడు కొడుకు. “రాళ్ళు తీసేద్దాం బాపు.”

“తీస్తే పట్టా ఎగిరిపోతది. వాన పడ్తే ఏం గావాలె? పది దినాల సంది ఎండబోస్తున్న. ఊరంత గిట్లనే పోస్తున్నరు గదా!”

కొడుకు జవాబు చెప్పలేదు. బండిని దీపం ఆర్పకుండా నిలిపి, చక్రం జారిన గీత మొదలు నుండి రాయి దాకా అడుగులు కొలవసాగాడు. తండ్రి చూస్తూ నిలబడ్డాడు. ఒకటి, రెండు, మూడు అని కొడుకు మెల్లగా లెక్కపెట్టడం ఆ నిశ్శబ్దంలో వినబడుతూ ఉంది. లెక్క ముగిసిన చోట కొడుకు ఆగి, రాయికీ చక్రానికీ మధ్య మిగిలిన ఖాళీలో తన చేయి మోచేతి దాకా పరచి చూపించాడు.

తండ్రి చాలాసేపు ఆ చేతినే చూశాడు. తరువాత వంగి, విసుర్రాయిని తానే ఎత్తాడు. “ట్రాక్టరు దేపో” అన్నాడు.

గింజలను గోతాలకెత్తి, ట్రాలీలో వేసి, ఇంటి ముందరికి చేర్చేసరికి అర్ధరాత్రి దాటింది. రెండు గోతాలు తడిసిన నేలమీద దించినందున అడుగున గింజలు పదునెక్కి, మరి రెండు రోజులు ఎండబోయవలసి వచ్చింది. ఇంటి ముందు చోటు చాలక వంతులవారీగా ఎండబోశారు. అమ్మకం వారం ఆలస్యమయింది. మరునాడు తండ్రి మలుపు అవతలి కుప్ప యజమాని దగ్గరికి వెళ్ళి కొంతసేపు మాట్లాడి వచ్చాడు. ఆయన ఏమన్నాడో ఇంట్లో చెప్పలేదు. ఆ కుప్ప చుట్టూ రాళ్ళు ఆ వారమంతా అలాగే ఉన్నాయి.

ఫిబ్రవరిలో పసుపు తవ్వకం ముగిసింది. నిజామాబాదు యార్డుకు బయలుదేరే ముందు రోజు యువకుడు ఆర్మూరు నుండి వెలుగు పడితే మెరిసే ఎర్రని పట్టీ చుట్ట ఒకటి తెచ్చి, ట్రాలీ వెనుక పలక పొడవునా అంటించాడు. తెల్లవారుజామున నాలుగు గంటలకు బస్తాలు ఎక్కించడం పూర్తయింది. బస్తాల మీద కూర్చుని వస్తామన్న కూలీలను తండ్రి బస్సుకు రమ్మని, చార్జీలు చేతిలో పెట్టాడు. ఇంజను మోగింది. ఎక్కబోయిన తండ్రి మళ్ళీ దిగి, ట్రాలీ వెనుకకు నడిచి, బస్తాల నుండి రాలిన పసుపు దుమ్మును భుజం మీది తువ్వాలతో పట్టీ మీదనుండి ఈ చివర నుండి ఆ చివరకు తుడిచి వచ్చాడు.